భీమవరం పర్యావరణ లాయరు ఆఫీసు: ఫైలు కట్టడంలో గట్టి, ఫీజు చెప్పడంలో వీక్

రొయ్యల చెరువు ఉప్పు పక్క వరిచేలోకి ఊరడం, ప్లాంటు మురుగు డ్రెయిన్‌లోకి వదలడం, తాసిల్దారు అర్జీ మీద కూర్చోవడం. డెల్టాలో ఈ మూడు తగాదాలకూ భీమవరంలో ఉన్న ఈ చిన్న ఆఫీసు పనికొస్తుంది. 5కి 4 ఇవ్వొచ్చు.

మొదటి రోజు వాదన మాట్లాడరు, తేదీలు రాయిస్తారు. అసలు కిటుకు అక్కడే ఉంది. పర్యావరణ తగాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు సంబంధించిన 2010 చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తగాదాకు కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లో దరఖాస్తు పడాలి. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు, అంతే. పరిహారం అడిగే 15వ సెక్షన్‌కు 5 ఏళ్లు. కలెక్టరేట్ చుట్టూ అర్జీల మీద అర్జీలు పెడుతూ ఆ ఆరు నెలలూ కరిగించేసేవాళ్లే ఎక్కువ. అర్జీ ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదని వీళ్లు మొహం మీదే చెబుతారు.

నీళ్ల నమూనా విషయంలో ఇంకా పట్టు ఎక్కువ. రైతు సీసాలో పట్టి ప్రైవేటు ల్యాబ్‌కు పంపిన రిపోర్టును అవతలి లాయరు తేలిగ్గా కొట్టేస్తాడు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ పద్ధతి వేరు: కాలుష్య నియంత్రణ మండలి అధికారి నోటీసిచ్చి, యజమాని ఎదుట నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు పెట్టించాలి. అందుకే ముందు ఆ మండలికి తనిఖీ కోరుతూ రాయిస్తారు, తర్వాత ఆ రిపోర్టు కోసం 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయిస్తారు. గడువు 30 రోజులు. సొంత నమూనా తీసినా ఐసు పెట్టెలో వెంటనే ల్యాబ్‌కు చేరాలి. ఎండలో తిరిగిన సీసా బీఓడీ అంకె (నీటిలోని ఆక్సిజన్‌ను మురుగు ఎంత లాగేస్తుందో చెప్పే కొలత) ఎవరూ నమ్మరు.

ఎక్కడ వేయాలో తేల్చడం మరో బలం. 2005 తీరప్రాంత ఆక్వా చట్టం పట్టు ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 2 కిలోమీటర్ల వరకే. ఆ పరిధి దాటిన ఉండి, ఆకివీడు మండలాల చెరువులకు చూడాల్సింది 2020 రాష్ట్ర ఆక్వా చట్టం. ఇది గమనించక అర్జీలు తప్పు చోటికి పోతుంటాయి. అధికారి కదలకపోతే మాత్రం అమరావతి నేలపాడులోని హైకోర్టులో రిట్ పిటిషనే.

ఇక లోపాలు. ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి చెన్నైలో ఉంది, కాగితాలు ఇంగ్లీషులో కావాలి. అడంగల్, పాత అర్జీల అనువాదం ఖర్చు మొదట చెప్పిన ఫీజులో ఉండదు. పేజీ లెక్కన తర్వాత వసూలు చేస్తారు. ముందే రాయించుకోండి. పరిహారం అడగని దరఖాస్తుకు ట్రిబ్యునల్ రుసుం 1,000 రూపాయలు, అడిగితే అడిగిన మొత్తంలో 1 శాతం. వాయిదా రోజుల్లో ఫోన్ ఎత్తరు, వాట్సాప్ పెడితే సాయంత్రానికి జవాబొస్తుంది.

వెళ్లేటప్పుడు పాసు పుస్తకం, ముద్ర ఉన్న అర్జీ నకళ్లు, తేదీ కనబడే ఫొటోలు పట్టుకెళ్లండి. ముద్ర లేని నకలు ఉంటే ముందే తపాలా రసీదు వెతుక్కోండి, అదీ లేకపోతే ఆ తేదీని ఫైల్లో రాయరు.