కర్నూలులో జీపు తలుపులకు డోర్ ప్యాడ్లు: ఊడదీయడానికి వీలుగా చేసిన పని

కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర పేరు బోర్డు కూడా లేని ఒక సీట్ వర్క్స్ దుకాణంలో నా జీపు ముందు తలుపులకు లోపలి ప్యాడ్లు చేయించాను. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక ఈ సమీక్ష రాస్తున్నాను. కుట్టుపనిలో లోపాలున్నాయి. కానీ ప్యాడ్‌ను తలుపుకు పట్టించిన పద్ధతి మాత్రం కంపెనీ పనికి తీసిపోదు.

బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్ లాంటి కార్లను కొందరు విడిభాగాలుగా కొని ఇంటి దగ్గరే బిగించుకునేవారు. అలా కొంటే అప్పట్లో కొనుగోలు పన్ను పడేది కాదు. మన దగ్గర ఆ సరదాకు దగ్గరగా వచ్చేది జీపే. నాది పాత మహీంద్రా ఛాసిస్ మీద హర్యానాలోని మండీ దబ్వాలీ నుంచి తెప్పించిన బాడీ. ఇలాంటి బాడీల తలుపులు లోపలివైపు వట్టి రేకుగానే వస్తాయి. లాకు కడ్డీలు, అద్దాన్ని ఎత్తి దించే గ్లాస్ మెషిన్, వాటిని అందుకోవడానికి కోసిన పెద్ద రంధ్రం అన్నీ కంటికి కనిపిస్తుంటాయి. చేతితో బిగించిన బండి కాబట్టి లాకు కడ్డీ సవరించడానికో, గ్లాస్ మెషిన్‌కు గ్రీజు పెట్టడానికో ఆ రంధ్రంలోకి చెయ్యి పెట్టవలసిన అవసరం తరచుగా వస్తుంది. అందువల్ల ప్యాడ్ సులభంగా ఊడిరావాలి, తిరిగి బిగించాక గుంతల రోడ్డులో గలగలలాడకూడదు.

అంతకుముందు వేరొక చోట వెల్క్రో పట్టీలతో అతికించి ఇచ్చారు. మార్చి నెల చివరికే ప్యాడ్లు కిందికి జారడం మొదలైంది. ఊడదీసి చూస్తే వెల్క్రో ముళ్ళు, నూలు బాగానే ఉన్నాయి, వెనకనున్న జిగురు మాత్రం నల్లటి తీగలుగా సాగి రేకు పొడవునా కారింది. రబ్బరు జాతి జిగురు వేడికి మెత్తబడుతుంది. పైగా రెక్సిన్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే నూనె లాంటి పదార్థం మెల్లగా జిగురులోకి ఊరి దాని పట్టును తగ్గిస్తుంది. మూసిన బండిని కర్నూలు ఎండలో నిలిపితే లోపలి వేడి ఎంత ఉంటుందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. ఇదే కోవలో త్రీఎం వారి డ్యూయల్ లాక్ ఉంది. దానిలో పుట్టగొడుగు తలల్లాంటి చిన్న ప్లాస్టిక్ కాడలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఆక్రిలిక్ జిగురున్న రకం వేడికి చాలా మెరుగ్గా నిలుస్తుంది. అయితే రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు కలిపి తుడవాలి, గట్టిగా అదమాలి, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు ఆగాలి. డ్రిల్లు పెట్టడం ఇష్టం లేని ఫైబర్ బాడీలకు అది తగిన దారి. రేకు తలుపు ఉన్నవాడు దాని జోలికి పోనక్కరలేదని నా అభిప్రాయం.

ఈ దుకాణంలోని ఉస్తాద్ మొదట అట్టతో ప్యాడ్ నమూనా కోసి, తలుపు మీద ఆనించి, మూసి తెరిచి చూశారు. క్లిప్పుల రంధ్రాలు ముందు ఆ అట్టకే పొడిచి, దాని మీదుగా రేకు మీద గుర్తులు పెట్టారు. ఈ ఒక్క జాగ్రత్త వల్లనే తరువాత ప్రతి క్లిప్పూ తన రంధ్రంలో సరిగ్గా కూర్చుంది. అందరూ వాడే హార్డ్‌బోర్డు తేమకు ఉబ్బుతుందని, 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) తీసుకున్నారు. దాని నున్నటి పైపొర మీద జిగురు నిలవదు కనుక గరుకు కాగితంతో రుద్ది, ఆ తరువాతే ఫోము, రెక్సిన్ అతికించారు.

అసలు తెలివి బరువును పంచిన తీరులో ఉంది. ప్యాడ్ వెనక పైఅంచున వంచిన అల్యూమినియం పట్టీని రివెట్లతో బిగించారు. అది అద్దం కిందనున్న రేకు అంచు మీద కొక్కెంలా కూర్చుంటుంది. పక్కలా కిందా జానెడు దూరానికొకటి చొప్పున మారుతి కార్ల డోర్ ప్యాడ్లకు వాడే ప్లాస్టిక్ క్లిప్పులే పెట్టారు. వాటి మెడ దూరేందుకు షీటులో తాళంచెవి రంధ్రం ఆకారంలో గాడి కోశారు. ఆ గాడిలో క్లిప్పు కాస్త అటూ ఇటూ జరగగలదు కాబట్టి రంధ్రం వెంట్రుకవాసి తప్పినా ప్యాడ్ కూర్చుంటుంది. తలుపు లాగే హ్యాండిల్‌ను ప్యాడ్‌కే బిగిస్తారా అని అడిగితే, ఆయన చెయ్యి ఆపకుండానే, "క్లిప్పుకు పట్టు మాత్రమే సార్, బరువు పైనుంచి యాలాడల్ల. హ్యాండిల్ లాగితే ఆ జోరు రేకు మీద పడల్ల, ప్యాడ్ మీద పడగూడదు" అన్నారు. అన్నట్టుగానే తలుపు రేకులో రివెట్ నట్లు (రివెట్‌లా రేకును పట్టుకుని, లోపల మర ఉండే నట్లు) కూర్చోబెట్టి, ఫోము నలగకుండా చిన్న గొట్టపు ముక్కలు దూర్చి, హ్యాండిల్ బోల్టులను నేరుగా వాటిలోకి బిగించారు. ప్యాడ్ ఊడదీయాలంటే ముందు ఆ బోల్టులు, అద్దం దించే పిడి తీసి, క్లిప్పుల పక్కన చీలిక మొన ఉన్న పనిముట్టుతో మీటి, చివరగా ప్యాడ్‌ను పైకెత్తాలి.

వాన నీటి సంగతి చాలా దుకాణాలు పట్టించుకోవు. అద్దం పక్క రబ్బరు ఎంత మంచిదైనా కొంత నీరు తలుపు లోపలికి దిగుతూనే ఉంటుంది. అది తలుపు అడుగు రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఇక్కడ ప్యాడ్‌కూ రేకుకూ మధ్య మందపాటి పాలిథీన్ షీటును బంకలా అంటుకునే నల్లటి బ్యూటైల్ రబ్బరు టేపుతో అంటించి, కింది అంచును రేకు రంధ్రం లోపలికి మడిచారు. షీటు మీద జారిన నీరు తలుపు లోపలే పడుతుంది. క్లిప్పు రంధ్రాల అంచులకు ప్రైమర్ పూసి, ఒక్కొక్క క్లిప్పుకు స్పాంజి వాషర్ వేశారు. వానాకాలం తరువాత ఊడదీసి చూస్తే షీటు పొడిగా ఉంది, రంధ్రాల దగ్గర తుప్పు లేదు.

లోపాలు కూడా చెప్పాలి. కింది మూలల్లో రెక్సిన్ మడతలు ముడుచుకుని కనిపిస్తాయి. మడతను వెనక పల్చగా కోసి ఉంటే ఆ ఉబ్బు వచ్చేది కాదు. అద్దం పిడి కోసిన రంధ్రం కుడి తలుపులో కాస్త పెద్దదై, పిడి వెనక వాషర్ అంచు దాటి ఏసీపీ షీటు తొంగి చూస్తోంది. చెప్పిన గడువుకు పని అందలేదు, ఫోను చేస్తే "రేపు సార్" అన్న జవాబే వచ్చేది. రెండు తలుపులకు కలిపి నాలుగు వేల రూపాయల లోపే అయింది కాబట్టి, మూలల గురించి నేను పెద్దగా పేచీ పెట్టలేదు.

అక్కడికి వెళ్ళదలచినవారు గ్లాస్ మెషిన్, లాకు పని ముందే పూర్తి చేయించుకుని వెళ్ళడం మంచిది, ఎందుకంటే కొలతలన్నీ వాటి స్థానాన్ని బట్టే తీస్తారు. ఊడదీసినప్పుడల్లా ఒకటో రెండో క్లిప్పులు విరగడం మామూలే, అందుకని అవే క్లిప్పులు కొన్ని ఎక్కువ అడిగి తీసుకుని బండిలో ఉంచుకోండి. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది.