పొగతోటలో అద్దెకు ఆక్సిజన్ సిలిండర్: బిగించే మనిషి చేతులు చూసి తీసుకోండి

మా నాన్నకు సీఓపీడీ (ఊపిరి సరిగ్గా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టమని డాక్టర్ చెప్పారు. నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల మధ్య ఉన్న చిన్న అద్దె షాపులో బీ టైప్ సిలిండర్ (సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ పట్టే సైజు) తీసుకున్నాం. నిమిషానికి 2 లీటర్లు పెడితే సుమారు 12 గంటలు వస్తుంది. అద్దె మిగతా షాపుల్లాగే ఉంది. నాకు బాగా నచ్చింది బిగించడానికి వచ్చిన కుర్రాడి పని.

రాగానే సబ్బుతో చేతులు కడుక్కుని పొడిగుడ్డతో తుడుచుకున్నాడు. రెగ్యులేటర్ (సిలిండర్ ప్రెజర్ తగ్గించి గ్యాస్ వదిలే పరికరం) పెట్టకముందే ఓ పక్కకు నిలబడి, వాల్వ్ ఒక్క క్షణం తెరిచి మూసి మూతి దగ్గర దుమ్ము ఎగరగొట్టాడు. రెగ్యులేటర్ బిగించాక వాల్వ్‌ను తిప్పీ తిప్పనట్టు మెల్లగా తెరిచాడు. నిండు సిలిండర్లో ప్రెజర్ 150 బార్ దాకా, అంటే మన చుట్టూ ఉండే గాలి ప్రెజర్‌కి సుమారు 150 రెట్లు ఉంటుంది, ఒక్కసారిగా తెరిస్తే గ్యాస్ రెగ్యులేటర్లోకి దూసుకొచ్చి నొక్కుకుపోయి, గాలి కొట్టేటప్పుడు సైకిల్ పంపు వేడెక్కినట్టే, అంతకన్నా చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె చుక్కో, నాసిరకం వాషరో దొరికిందంటే అంటుకుంటుంది. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ ఆ ప్రెజర్లో లోహం కూడా మండుతుంది. అల్యూమినియం రెగ్యులేటర్లు అంటుకుని మనుషులు కాలిపోతున్నారనే 1999లో అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నియంత్రణ ఉండే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఇత్తడివి వాడమని చెప్పింది. వీళ్లిచ్చింది ఇత్తడిదే, అడిగి మరీ చూశాను.

ఇంతకుముందు వేరే చోట తెచ్చినప్పుడు, వాళ్ల మనిషి గ్రీజు పట్టిన స్పానర్‌తో బిగించి, లీకవుతోందని పాత రబ్బరు ట్యూబు ముక్క కోసి వాషర్‌గా వేశాడు. ఇది తెలిశాక ఆ రోజు తలుచుకుంటేనే భయమేస్తుంది. ఈ కుర్రాడు మాత్రం, వాల్వ్ గట్టిగా ఉందని అమ్మ కొబ్బరినూనె తేబోతే "నూనె దగ్గరికి తేబాకమ్మా, గ్యాస్‌కి నూనె పడదు" అని ఆపేశాడు. నాన్న ముక్కుకు వాజిలైన్ కూడా వద్దని, నీళ్లతో చేసిన జెల్ రాయమన్నాడు. ఆక్సిజన్ దుప్పట్లకూ బట్టలకూ పట్టి కాసేపు ఉంటుందట, అందుకని ఆ గదిలో అగరుబత్తి, దోమల కాయిల్ మానేశాం. నెల్లూరు దోమలు మీకు తెలిసినవే, దోమతెర కట్టుకున్నాం.

లోపాలూ ఉన్నాయి. ఈ జాగ్రత్తలు తెలుగులో రాసిన కాగితం ఒక్కటీ ఇవ్వరు. సిలిండర్ పడిపోకుండా స్టాండు కూడా అడిగితేనే ఇచ్చారు, కాబట్టి ముందే అడగండి. సిలిండర్ మెడ మీద కొట్టి ఉండే టెస్ట్ తేదీ (ప్రెజర్ తట్టుకుంటుందో లేదో పరీక్షించిన తేదీ) కూడా చూసుకోండి. రాత్రి పూట ఫోన్ ఎత్తరు, రీఫిల్ కావాలంటే సాయంత్రమే చెప్పి పెట్టుకోవాలి. 5కి 4.