కొన్నేళ్ల వాడకం తర్వాత మా ఎమ్‌వీఆర్ ఎవాపరేటర్

పాశమైలారంలోని మా బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో వ్యర్థజలాలను చిక్కబరిచే ఎమ్‌వీఆర్‌ను (మెకానికల్ వేపర్ రీకంప్రెషన్, అంటే ఆవిరిని నొక్కి మళ్లీ వాడుకునే ఎవాపరేటర్‌ను) కొన్నేళ్లుగా దగ్గరుండి నడిపిస్తున్నాను. లేచిన ఆవిరిని కూలింగ్ టవర్ పాలు చేయకుండా తిరిగి పనిలో పెట్టుకుంటుంది కనుకనే దీని మీద నాకింత ఇష్టం. నూరు డిగ్రీల వద్ద టన్ను నీటిని ఆవిరి చేయాలంటే దాదాపు 627 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. ఆ వేడి ఆవిరిలోనే దాగి ఉంటుంది గనుక, ఫ్యాన్ దాన్ని నొక్కి కొద్ది డిగ్రీలు పెంచితే చాలు, అదే ఆవిరి గొట్టాల బయటి వైపు చేరి నీరుగా మారుతూ లోపలి నీటిని మరిగిస్తుంది. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల వంటివి) తక్కువగా ఉన్నప్పుడు మా మీటరు టన్నుకు 30 యూనిట్లు కూడా తిరగదు.

ఇంత మెచ్చుకునే యంత్రమే, ప్రొడక్ట్ మారిన ఒక వారంలో మమ్మల్ని బాగా కష్టపెట్టింది. వైబ్రేషన్ ఎక్కువై ఫ్యాన్ పదే పదే ట్రిప్ అయ్యేది. సరఫరాదారు పంపిన ఇంజనీరు బేరింగులు మార్పించి వెళ్లారు; మర్నాటికి మళ్లీ అదే తంతు. లాగ్‌బుక్ తిరగేస్తే, ట్రిప్ కావడానికి చాలా ముందు నుంచే కండెన్సేట్ (ఆవిరి తిరిగి నీరుగా మారినది) టీడీఎస్ పెరుగుతూ వచ్చినట్లు కనిపించింది. కేసింగ్ విప్పించి చూస్తే ఇంపెల్లర్ రెక్కల మీద ఉప్పు పెచ్చులు, అదీ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. కొత్త ప్రొడక్ట్ నుంచి వచ్చిన వ్యర్థజలం, ఆవిరిని ద్రవం నుంచి విడదీసే సెపరేటర్‌లో నురగ కట్టి, తుంపరలను ఆపే డెమిస్టర్‌ను దాటి, ఆవిరితో పాటు ఫ్యాన్‌లోకి చేరి అక్కడ ఎండిపోతోందన్న మాట. వేడి కండెన్సేట్‌తో రెక్కలు కడిగించి, సెపరేటర్‌లో లెవెల్ తగ్గించి, నురగ తగ్గించే మందు డోసింగ్ పెట్టాక గానీ ఫ్యాన్ కుదుటపడలేదు. షిఫ్టులో ఎవరున్నా వైబ్రేషన్ కంటే ముందు కండెన్సేట్ టీడీఎస్‌నే చూడమంటున్నాను.

బాయిలర్ భారం బాగా తగ్గిన మాట నిజమే కానీ, బాయిలర్‌ను ఆపేసే వీలు మాత్రం రాలేదు. ఉప్పు చిక్కబడేకొద్దీ ద్రావణం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. సంతృప్త ఉప్పునీరు 108 డిగ్రీలు దాటితే గానీ మరగదు. మా ఫ్యాన్ పెంచగలిగేది ఇంచుమించు ఆ ఎనిమిది డిగ్రీలే కాబట్టి, చిక్కబడిన ఆఖరి ద్రావణాన్ని ఇప్పటికీ పాత ఎమ్‌ఈఈకి (స్టీమ్‌తో నడిచే పలు దశల ఎవాపరేటర్), అక్కడి నుంచి ఏటీఎఫ్‌డీకి (ఎండబెట్టే డ్రయ్యర్) పంపుతున్నాం. స్టార్టప్‌కు కూడా కొంత స్టీమ్ కావాలి.

పాలను చిక్కబరిచే డెయిరీలో ఫీడ్ రోజూ ఒకే తీరుగా ఉంటుంది గనుక అక్కడైతే వెనకాడకుండా కొనమంటాను. ఊక చవకగా దొరికి బాయిలర్ ఎలాగూ నడిచే చోట స్టీమ్ చవకే గనుక లెక్క వేరు. మాలాగా ప్రొడక్టులు మారుతూ ఉండే చోట, స్ట్రిప్పర్ సాల్వెంట్లను సరిగ్గా తీస్తోందా, నురగ ఎంత వస్తోంది అన్నవి చిన్న స్థాయి పైలట్ ట్రయల్‌లో తేలాకే ఆర్డరు పెట్టడం మంచిది. మా యూనిట్‌లో ఆ రెండూ కుదిరాయి కనుక దీన్ని వదులుకోవాలని నాకు లేదు.