గ్లూకోమీటర్ మూడేళ్ల వాడకం: మిషన్ మీద కాదు, స్ట్రిప్‌ల డబ్బీ మూత మీదే నా కోపం

వేలి రక్తపు చుక్కతో ఇంట్లోనే షుగర్ చూసుకునే ఈ గ్లూకోమీటర్ మా ఇంటికొచ్చి మూడేళ్లు దాటింది. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. ఎంత రక్తం కావాలి, ఎన్ని సెకన్లలో చెబుతుంది లాంటివన్నీ అట్టపెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది, రక్తపు చుక్క పెట్టి మీటరులో దూర్చే స్ట్రిప్‌ల డబ్బీకి ఉండే మూత గురించి. ఒక వానాకాలం ఆ మూత నన్ను పెట్టిన టెన్షన్ ఇంతా అంతా కాదు.

దీన్ని కొనడానికి కారణం నా కళ్లు. మాది కాకినాడ. నాకు నలభై దాటాయి. రోజంతా ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. సాయంత్రం నాలుగయ్యేసరికి స్క్రీన్ మీద 3, 8 ఒకేలా కనపడటం మొదలైంది. కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, మంట. ఎవరికైనా ముందు కళ్లజోడే గుర్తొస్తుంది. నాకు మాత్రం షుగర్ గుర్తొచ్చింది. ఎందుకంటే మా నాన్నకు షుగర్ బయటపడింది కళ్లతోనే. కొత్త కళ్లజోడు చేయించుకున్న నెలలోపే ఆ అద్దాలు పనికిరాకుండా పోయాయి. పవర్ తప్పు వేశారని ఆయన షాపుకు వెళ్లి గొడవపడితే, అక్కడ కళ్లు చూసే పెద్దాయన మళ్లీ పరీక్ష చేసి, "నెలలో పవర్ ఇంత మారదండీ, ఒకసారి షుగర్ చూపించుకోండి" అన్నారట. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటిలోని కటకం నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, దాంతో చూపు పవరే మారిపోతుంది. షుగర్ అదుపులోకి వచ్చాక కొన్ని వారాలకు మళ్లీ సర్దుకుంటుంది. అందుకే కొత్తగా షుగర్ తేలినవాళ్లను అప్పుడే అద్దాలు మార్చొద్దంటారు. ఇంట్లో ఇంత జరిగాక, నా కళ్లు మసకబారితే భయం వేయదా?

మొదట్లో మీటర్ మీద నాకు ఎంత మురిపెమంటే, మా వదినతో, ఆఫీసులో పక్క సీటావిడతో కూడా కొనిపించాను. పరగడుపున 104, 109, 111 ఇలా వచ్చేవి. 100 లోపు ఉంటే మామూలు, 126, ఆపైన ఉంటే షుగర్, మధ్యలో ఉంటే అంచున ఉన్నట్టు. తిన్నాక రెండు గంటలకు చూస్తే 150 దగ్గర ఆడేది. అటూ కాదు, ఇటూ కాదు. అయినా రోజూ ఒక అంకె కనపడుతోంది కదా అని ధైర్యంగానే ఉండేది.

ఇక ఆ వానాకాలం సంగతి. ఆగస్టులో మా ఊళ్లో గాలిలో చెమ్మ ఎలా ఉంటుందో సముద్రం పక్కన ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా తడిసి ముద్దవుతుంది. ఆ రోజుల్లోనే పరగడుపు అంకెలు ఎక్కడం మొదలెట్టాయి. 122, 131, 138. తిండి మారలేదు, నడక మానలేదు. ఒకరోజు పొద్దున్నే 156 చూపించింది. అదే వేలి నుంచి ఇంకో చుక్క తీసి మరో స్ట్రిప్ పెడితే 129. మూడోది 147. ఒకే మనిషికి, ఐదు నిమిషాల్లో! అప్పటికి కళ్ల మంట కూడా ఎక్కువైంది. రాత్రి దాహం వేస్తే షుగరే అనుకోవడం, బాత్రూమ్‌కు లేస్తే షుగరే అనుకోవడం. మా అత్తయ్య చూసి చూసి, "ఆ మిషన్‌తో కూర్చుంటే తేలదమ్మా, ల్యాబ్‌కు వెళ్లి రక్తం ఇచ్చిరా" అన్నారు.

వెళుతూ మీటరును హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. ల్యాబ్‌లో అమ్మాయి చేతి నరం నుంచి రక్తం తీయగానే, అక్కడే కూర్చుని వేలు పొడుచుకుని చూశాను. మీటరులో 149. ల్యాబ్ రిపోర్టులో 107. మీటరు అన్నాక కొంత తేడా ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే 100, ఆపైన వచ్చే అంకెలకు 15 శాతం అటూ ఇటూ కావచ్చు. అంటే 107కు 123 వచ్చినా సరే అనుకోవాలి. 149 మాత్రం ఆ లెక్కలో పట్టదు.

ల్యాబ్ అమ్మాయి డబ్బీ అడిగి తీసుకుని మూత రెండుసార్లు మూసి చూసింది. "మేడం, టక్‌మని చప్పుడు రావట్లేదు చూడండి" అని నా ముందు పెట్టింది. మూతను డబ్బీకి పట్టి ఉంచే పలచటి ప్లాస్టిక్ పట్టీ ఒక పక్క చిట్లింది. వెంట్రుక మందం గీత. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే తప్ప కనపడదు. ఆ చిట్లు వల్ల మూత కూర్చున్నట్టే ఉంటుంది, కానీ ఒక అంచు పైకి లేచి ఉంటుంది. డబ్బీలో చెమ్మను పీల్చే పదార్థం ఉంటుంది, దాని పని గాలి చొరబడనంత వరకే. స్ట్రిప్ కొసన రక్తంలోని చక్కెరను పట్టే ఎంజైమ్ అనే పదార్థం పూసి ఉంటుంది, చెమ్మ తగిలితే అది పాడవుతుంది. తర్వాత అది చూపించే అంకె పైకైనా పోవచ్చు, కిందికైనా పోవచ్చు. ఇంటికి వచ్చే దారిలో కొత్త డబ్బీ కొన్నాను. మర్నాడు పరగడుపున 110.

నా కోపం ఎక్కడంటే, రక్తం చాలకపోతే ఈ మీటరు ఎర్రర్ చూపిస్తుంది. బ్యాటరీ తగ్గితే చెబుతుంది. గది మరీ వేడిగా ఉంటే చూడనని మొరాయిస్తుంది. చెమ్మ తగిలిన స్ట్రిప్ పెడితే మాత్రం ఏమీ ఎరగనట్టు 156 అని నిలబెట్టి చూపిస్తుంది. ఒక్కో స్ట్రిప్ 20 రూపాయల దాకా పెట్టి కొంటున్నాం. ఆ డబ్బీని రోజూ తెరిచి మూయాలి. అలాంటి మూతకు గట్టి ప్లాస్టిక్ వేయడానికి ఏమొచ్చింది? మీటరు సరిగా చెబుతోందో లేదో చూసుకునే కంట్రోల్ ద్రావణం అని ఒకటి ఉంటుంది, దాన్నీ పెట్టెలో పెట్టలేదు. కస్టమర్ కేర్‌కు ఫొటో పంపితే డబ్బీ మార్చి ఇచ్చారు, ఆ మాట దాచను. కానీ అన్ని రోజులు నిద్ర లేకుండా గడిపింది నేను.

కళ్ల సంగతి తేల్చింది మీటరు కాదు, కంటి డాక్టరు. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న నేను ఎప్పుడూ అనుకోనిది. "మసకగా ఉన్నప్పుడు రెండుసార్లు కళ్లు ఆర్పితే తేటపడుతుందా అమ్మా?" తేటపడుతుంది! అలా తేటపడితే అది ఎక్కువగా కన్నీటి పొర చెదరడం వల్ల వచ్చే మసక అన్నారు. షుగర్ వల్ల పవర్ మారితే కళ్లార్పినంత మాత్రాన పోదు. స్క్రీన్ చూస్తున్నంతసేపూ మనం కళ్లార్పడం బాగా తగ్గిపోతుందట. ఆపైన ఏసీ గాలి. తర్వాత సన్నటి కాగితపు ముక్క కొస మడిచి కింది రెప్పలో తగిలించి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. షిర్మర్ పరీక్ష అంటారు దాన్ని. ఆ కాగితం ఎన్ని మిల్లీమీటర్లు తడిస్తే అంత నీరున్నట్టు. 10 పైన తడవాలి, నాకు కుడికంట్లో 6 దగ్గరే ఆగిపోయింది. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక కంటి లోపలి వెనక పొర, అంటే రెటీనా కూడా చూశారు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం మొదలైనా తొలి దశలో మనిషికి ఏమీ తెలియదట, అందుకే ఎలాగూ చూడాలన్నారు. రెటీనా బాగుంది. దగ్గర చూపుకు చత్వారం అద్దాలు రాశారు, కళ్లకు చుక్కల మందు ఇచ్చారు. "కళ్లు పొడిబారడం షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువే. కానీ పొడిబారింది కాబట్టి షుగర్ అనుకోకూడదు. రక్త పరీక్షే చెప్పాలి" అన్నారు.

ఆ రక్త పరీక్షలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. 6.5 అయితే షుగర్, 5.7 నుంచి అంచు. దాంతోపాటు హిమోగ్లోబిన్ 9.6, అంటే రక్తహీనత. ఇది చూసి మా ఫిజీషియన్ చెప్పింది వింటే మీటరు మీద నాకున్న నమ్మకం ఇంకొంచెం తగ్గింది. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ కాస్త ఎక్కువగా కనపడవచ్చు. రక్తం మరీ పలచబడితే చాలా మీటర్లలో అంకె కూడా పైకి జరుగుతుందట. పైగా తిన్నాక వేలి రక్తంలో ఉండే చక్కెర, నరం నుంచి తీసినదాని కంటే ఎక్కువగానే ఉంటుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంతమందికి ఉందో అందరికీ తెలిసిందే, ఈ మాట మాత్రం ఏ అట్టపెట్టె మీదా పెద్ద అక్షరాల్లో ఉండదు. ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడాక మళ్లీ చూస్తే 5.8. అంటే షుగర్ లేదు, అంచు మీదే ఉన్నాను. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో ఇలా అంచున ఉన్నవాళ్లే 13 కోట్లకు పైన.

ఇప్పుడు మీటరును వేరే పనికి వాడుతున్నాను. ఏది తింటే ఎంత పెరుగుతుందో చూసుకోవడానికి. ఆ పనికి నిజంగా బాగుంది. నాకు ఇడ్లీ తిన్న రోజు వచ్చే అంకె కంటే పెసరట్టు తిన్న రోజు వచ్చేది ఎప్పుడూ తక్కువే. రాత్రి అన్నం తగ్గించి, తిన్నాక వీధి చివరిదాకా నడిచొస్తే తేడా కళ్లెదుటే కనపడుతుంది. మామయ్యగారికి షుగర్ మాత్రలు మొదలయ్యాక ఆయనకూ ఇదే ఆధారం. కళ్లు చాలావరకు కుదుటపడ్డాయి. ఏసీ గాలి మొహానికి కొట్టకుండా సీటు మార్పించుకున్నాను. నెలాఖరు పని ఒత్తిడిలో మాత్రం గరగర మళ్లీ వస్తుంది.

కాబట్టి మా వదినకు చెప్పిన మాటకు ఇప్పుడు ఇంకో మాట కలుపుతున్నాను. షుగర్ ఉందని తేలి, డాక్టరు ఇంట్లో చూసుకోమన్నవాళ్లు కొనుక్కోవచ్చు. కళ్లు మసకబారాయి, షుగరేమో అని అనుమానంతో కొనాలనుకునేవాళ్లు, ఆ డబ్బుతో ముందు ల్యాబ్‌లో పరగడుపు రక్తం, హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ చేయించుకుని, ఒకసారి కంటి డాక్టరు దగ్గర రెటీనా చూపించుకుంటే మంచిదని నాకనిపిస్తోంది. అతి దాహం, రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా తోడైతే అసలు ఆగకండి. పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో ఈ మూత గొడవ రాకపోవచ్చు, అనంతపురంలో ఉండే మా చెల్లి ఇదే మీటరు వాడుతోంది, తనకు ఏ ఇబ్బందీ లేదు. నేను మాత్రం డబ్బీ మూసినప్పుడల్లా టక్‌మని చప్పుడు వచ్చిందో లేదో వింటున్నాను. ఒక్కో స్ట్రిప్‌ను విడిగా రేకు కవర్లో పెట్టి అమ్మే రకం మీటర్లూ ఉన్నాయి. ధర ఎక్కువే, అయినా వచ్చే వానాకాలం లోపు దానికి మారదామనుకుంటున్నాను.