ఛానల్ మర్చండైజ్‌కు బొమ్మలు: విజయనగరంలో ఒక చిన్న డిజైన్ సంస్థ పనితీరు

ఉత్తరాంధ్ర ఊళ్లను, పండుగలను, చేతిపనులను చూపించే మా యూట్యూబ్ ఛానల్ పేరిట సంచి, టీషర్టు, కప్పు, స్టిక్కర్లు అమ్మాలని నిర్ణయించుకున్న తరువాత, వాటికి కావలసిన బొమ్మల పనిని విజయనగరంలో ఇద్దరు చిత్రకారులు నడుపుతున్న ఒక చిన్న డిజైన్ సంస్థకు అప్పగించాము. నాలుగు వస్తువులకు కలిపి 16,000 రూపాయలు తీసుకున్నారు. అచ్చు పని వారు చేయరు. ఆలోచన చెప్పి, బొమ్మ గీసి, ఫైళ్లు ఇవ్వడంతో వారి బాధ్యత తీరుతుంది. బొమ్మల వరకు వారి పనికి వంక పెట్టడం కష్టం. ఫైళ్ల సంగతి వేరు.

ఛానల్ మర్చండైజ్ అనగానే నల్ల టీషర్టు మీద లోగో, దాని కింద యాంకర్ ముఖం అచ్చు వేయించడం మన దగ్గర అలవాటుగా మారింది. మేమూ అదే అడిగితే, ఆ ఇద్దరిలో పెద్దాయన, ‘మీ ఫొటో ఉన్న టీషర్టు మీ చుట్టాలు కొంటారండి, బొమ్మ బాగుంటే మీ ఛానల్ చూడనివాళ్లు కూడా కొంటారు’ అని మర్యాదగానే కాదన్నారు. ఆ తరువాత మా వీడియోలు చూసి, వాటి కింద ప్రేక్షకులు మళ్లీ మళ్లీ ఏయే వస్తువుల గురించి అడిగారో రాసుకుని, ఆ జాబితా నుంచే బొమ్మలు ఎంచుకున్నారు.

వాటిలో సంచి మీది బొమ్మ అన్నిటికంటే గొప్పది. పొందూరు ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ దవడకుండే సన్నని, దట్టమైన పళ్లే అక్కడ దువ్వెన. మా వీడియోలో అది కనిపించేది కొద్ది క్షణాలే. వీరు ఏకంగా వాలుగ చేపనే రాట్నం ముందు కూర్చోబెట్టి, దాని పొడవాటి మీసాలను నూలుపోగులుగా సాగదీసి కదురుకు చుట్టారు. చూడగానే నవ్వు వస్తుంది; ఆ పనితనం తెలిసినవారికి మరి కాస్త ఎక్కువ నవ్వు వస్తుంది. బొమ్మను రెండే రంగుల్లో ముగించడం వెనుక కూడా లెక్క ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకూ వేరే స్క్రీన్ తయారు చేయాలి కనుక, రంగులు పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ముతక గుడ్డ మీద సన్నని గీత నిలవదని మీసాలను కూడా లావుగానే గీశారు.

స్టిక్కర్లకు విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని తీసుకున్నారు. అమ్మవారి రూపాన్ని నీళ్ల సీసాలకూ బైకులకూ అంటించే స్టిక్కరు మీద వేయకూడదని వారే ముందుగా చెప్పి, విజయదశమి తరువాతి మంగళవారం జరిగే ఆ ఊరేగింపునే ముక్కలు ముక్కలుగా గీశారు: పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను అయిన సిరిమాను, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, పాలధార, వీటి మధ్య భక్తులు విసిరితే గాలిలో ఎగురుతున్న అరటిపండ్లు. కప్పు మీద తేలినీలాపురానికి వలస వచ్చే గూడబాతు (పెలికాన్). దాని ముక్కు కింది సంచిలో చేపకు బదులు కెమెరా, ముక్కు చివర సరిగ్గా పిడి దగ్గర ఆగుతుంది. టీషర్టుకు ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్లు. కళాకారులు తప్పెటను ఛాతీకి కట్టుకుని వాయిస్తారు కాబట్టి, చొక్కా తొడుక్కున్నవారి గుండె మీదకే తప్పెట వచ్చేలా వేశారు.

అయితే ఈ తప్పెటను ఎం సైజుకు మాత్రమే కొలిచి గీయడం వల్ల, డబుల్ ఎక్సెల్ చొక్కా మీద అది జేబు బొత్తాం వలె మిగిలిపోయింది. పెద్ద సైజులకు వేరే ఫైలు అడిగితే ఇచ్చారు కానీ, అడిగేదాకా ఇవ్వలేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది రంగులది. ఫైళ్లన్నీ ఆర్‌జీబీలోనే, అంటే తెర కోసం వాడే రంగుల్లోనే అందాయి. తెర మీద మెరిసిపోయిన చిలకపచ్చ, అచ్చుకు వాడే సీఎంవైకే సిరాలలోకి మారేసరికి నీరసించి, స్టిక్కర్ల నమూనా చూసిన మాకు ఉసూరుమనిపించింది. పచ్చను ముదురు చేసి మళ్లీ పంపడానికి వారు అదనంగా డబ్బు అడగలేదన్నది నిజమే. కానీ అచ్చుకు వెళ్లే బొమ్మను మొదటి నుంచే అచ్చు రంగుల్లో గీయడం ఈ వృత్తిలో కనీస మర్యాద. తెలుగు అక్షరాల విషయంలో మాత్రం ఏ గొడవా రాలేదు. సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగు కుదరక వత్తులు విడిపోవడం మనకు కొత్త కాదు; వీరు అక్షరాలను కూడా చేత్తోనే రాసి, గీతలుగా మార్చి ఇచ్చారు. చిన్న స్టిక్కరు మీద ఒకటి రెండు వత్తులు సిరాతో పూడుకుపోయాయి, అంతే.

వీరి దగ్గర పని చేయించుకోదలచినవారు బొమ్మల మీది హక్కుల సంగతి కాగితం మీద రాయించుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లుగాను, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగాను లెక్కిస్తారు. వీరి ఒప్పంద పత్రంలో ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి; పూరించమంటే మారుమాట లేకుండా పూరించి సంతకం చేశారు. సగం డబ్బు ముందుగా, మిగతాది ఫైళ్లు అందిన తరువాత. దసరా ముందు కొత్త పని ఒప్పుకోరు కాబట్టి, ఉత్సవాల నాటికి సరుకు చేతికి రావాలనుకునేవారు శ్రావణం నాటికే మాట్లాడుకోవాలి.