మా సమ్మర్ క్యాంప్ సమీక్ష: ఈత రాలేదు, మిగతావన్నీ వచ్చాయి

మావాడు ఎల్‌కేజీలో ఉన్నప్పటి నుంచి బెజవాడ మొగల్రాజపురంలో ఒకే సమ్మర్ క్యాంప్‌కి పంపుతున్నాం. ఇప్పుడు నాలుగో తరగతిలోకి వచ్చాడు. ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులివ్వగానే తెలిసినవాళ్లంతా "ఎలా ఉంటుందండీ, చేర్చమంటారా?" అని ఫోన్లు. అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి క్యాంప్ పేరు రాయడం లేదు.

కరపత్రంలో వేసినవన్నీ నేర్పేస్తారనుకుంటే మాత్రం చేర్చొద్దు. ముఖ్యంగా ఈత దండగ. అంతమంది పిల్లలకి ఒక్కరే కోచ్. మావాడు సెలవులంతా గోడవారన కడ్డీ పట్టుకుని కాళ్లు కొట్టాడు. నీళ్లలో బుడగలు ఊదడం బాగా వచ్చింది, ఇప్పుడు ఇంట్లో మజ్జిగ గ్లాసులో సాధన చేస్తున్నాడు. కరాటే పర్వాలేదు. కాకపోతే అందరివీ ఒకేలాంటి తెల్ల డ్రెస్సులు కదా, ఓ రోజు వేళ్లు కూడా కనపడనంత పొడుగు చేతుల చొక్కాతో ఇంటికొచ్చాడు. "ఎవరిదిరా ఇది?" అంటే, "బెల్టు నాదే అమ్మా" అన్నాడు. కాలర్ లోపల పేరు రాసి పంపండి.

బాగున్నది కొండపల్లి బొమ్మల క్లాసు. తెల్ల పొణికి చెక్క ఎంత తేలిగ్గా ఉంటుందో పిల్లల చేతికిచ్చి చూపించారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో ఏనుక్కి తొండం, చెవులు ఎలా అతికిస్తారో చేయించారు. చింత అన్న మాట చెవిన పడిందంతే, మావాడు కాస్త మక్కు నోట్లో వేసుకున్నాడట. "మోసం అమ్మా, పులుపే లేదు" అని ఇంటికొచ్చి గొడవ. ఆ ఏనుగుకి ఒకటే చెవి. రెండోదానికి మక్కు చాల్లేదు, ఎందుకు చాల్లేదో వేరే చెప్పాలా!

భవానీ ద్వీపం పిక్నిక్‌కి కూడా పంపొచ్చు. పడవలో అందరికీ లైఫ్ జాకెట్లు వేసి, కళ్లల్లో వత్తులు వేసుకుని చూశారు. దిగాక మావాడు జాకెట్ విప్పనని మొండికేశాడట. "చుట్టూ నీళ్లే కదా సార్, ఇక్కడెందుకు విప్పాలి?" అని అడిగితే ఆ సారు దగ్గర జవాబు లేదు. నూట ముప్పై ఎకరాలకు పైగా ఉన్న ద్వీపమని చెప్పినా వినలేదు. పులిహోర కూడా ఆ జాకెట్‌తోనే తిన్నాడు.

ఇక చివరి రోజు నాటకం. రోహిణి కార్తె ఎండ, హాల్లో ఏసీ. మావాడు లక్ష్మణుడు. మూర్ఛపోయే సీనులో ఎంత బాగా పడిపోయాడో! మా మావయ్యగారైతే చప్పట్లు కూడా కొట్టారు. హనుమంతుడు, అంటే ఆరో తరగతి పాప, థర్మాకోల్ సంజీవని కొండ తెచ్చింది. లక్ష్మణుడు లేవలేదు. మందు వాసన చూపించారు, లేవలేదు. రాముడు తన డైలాగు మళ్లీ చెప్పాడు. చివరికి హనుమంతుడు కొండ పక్కన పెట్టి గట్టిగా గిల్లింది. "ఇంకో ఐదు నిమిషాలు అమ్మా" అన్న మాట మైకులో హాలంతా వినపడింది. నవ్వులు ఆగాక డ్రామా మేడమ్ వాణ్ణి ఒక్క మాట అనకుండా పక్కకి తీసుకెళ్లి మొహం కడిగించి, మళ్లీ యుద్ధానికి పంపింది. ఏటా మళ్లీ అక్కడే ఫీజు కడుతున్నామంటే ఆవిడ వల్లే.

చేర్చేవాళ్లు ఉదయం ఏడింటి బ్యాచ్ తీసుకోండి. పది దాటాక మన బెజవాడ ఎండలో పిల్లల్ని బండి మీద తీసుకురావడం నరకం. వాళ్లిచ్చే స్నాక్స్ రోజూ అవే క్రీమ్ బిస్కెట్లు, కాబట్టి డబ్బా, మజ్జిగ సీసా ఇంటి నుంచే పెట్టండి. ఈతకు వేరే ఫీజు అడుగుతారు, అది మాత్రం కట్టొద్దు.