థిన్ అంటే సన్ననా, పలుచనా? మెరియం-వెబ్‌స్టర్ పర్యాయపద నిఘంటువుతో ఒక ఏడాది

కిందటి వేసవిలో ఒక ఇంగ్లీషు కథను అనువదిస్తుండగా, ఒకే పేరాలో మామగారు ‘గాంట్’గా, కొడుకు ‘లాంకీ’గా, కోడలు ‘స్లెండర్’గా ఎదురయ్యారు. మొదటి ప్రతిలో నేను ముగ్గురినీ ‘సన్నగా’ అనే సరిపెట్టేశాను. ప్రతి చూసిన సంపాదకురాలు ఆ పేరా పక్కన ‘ఈ ఇంట్లో అందరికీ ఒకే జబ్బా?’ అని పెన్సిల్‌తో రాసి పంపారు. ఆ పెన్సిల్ గీతే నా చేత ‘మెరియం-వెబ్‌స్టర్స్ డిక్షనరీ ఆఫ్ సినానిమ్స్’ కొనిపించింది. మొదట తెప్పించిన పాత ప్రతిలో ఎస్ అక్షరం దగ్గర కొన్ని పుటలు లేకపోవడం, అమ్మినవాడు ఫోను ఎత్తకపోవడం వేరే కథ. రెండోసారి కొన్న ప్రతి ఏడాదిగా నా బల్ల దిగలేదు.

ఈ నిఘంటువు తొలి కూర్పు 1942లో వచ్చింది. నా దగ్గరున్నది తొమ్మిది వందలకు పైగా పుటలున్న 1984 నాటి ముద్రణ. పర్యాయపదాల పుస్తకమంటే చాలామందికి రోజె థెసారస్ గుర్తొస్తుంది. వృత్తిరీత్యా వైద్యుడైన పీటర్ మార్క్ రోజె 1852లో (మన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ ఆ ఏడాదే) మాటలను వెయ్యి భావాల కింద గుంపులుగా పేర్చాడు గాని, ఒక గుంపులోని మాటకూ పక్క మాటకూ తేడా ఏమిటో చెప్పే పని పెట్టుకోలేదు. తెలిసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయినప్పుడు రోజె అందిస్తాడు. పది మాటలు చేతికొచ్చాక ఏది వాడాలో తేలనివాడికి మాత్రం అక్కరకు రాడు. వెబ్‌స్టర్ దారి వేరు. ముందు ఆ మాటలన్నీ పంచుకునే అర్థాన్ని ఒక్క వాక్యంలో చెప్పి, తరువాత ఒక్కొక్క మాటను విడదీసి దాని ప్రత్యేకతను వివరించి, రచయితల వాక్యాలతో ఆ వాడుకను చూపిస్తుంది. ఒక మాట వివరణ వేరే చోట ఉంటే చిన్న నక్షత్రపు గుర్తు (*) అక్కడికి దారి చూపుతుంది.

‘థిన్’ దగ్గర పుస్తకం తెరిస్తే దాని బలం తెలుస్తుంది. థిన్ అంటే మందం గాని చుట్టుకొలత గాని తక్కువగా ఉండడం, లేదా చిక్కదనం, సమృద్ధి లేకపోవడం. అందులో మెప్పూ లేదు, తిట్టూ లేదు. స్లెండర్‌లో సన్నదనంతో పాటు అందమూ, పొందికా ఉంటాయి. స్లిమ్ కొంచెం తేలిక; అవకాశం స్లిమ్ అంటే ఇంచుమించు లేనట్టే. స్లైట్ అంటే సన్నగా ఉండడమే కాక చిన్నగా కూడా ఉండడం. టెన్యువస్ అంటే తెగిపోయేటంత సన్నం. ఈ థిన్, టెన్యువస్‌లూ మన కావ్యాల ‘తన్వి’లోని సంస్కృత ‘తను’ శబ్దమూ ఒకే మూలం నుంచి వచ్చిన దూరపు చుట్టాలు. ఈ చుట్టరికం పుస్తకంలో వెదకవద్దు. దాని శ్రద్ధంతా ఇప్పటి అర్థాల మీదే.

మనుషుల ఒంటి సన్నదనం ‘లీన్’ కింద వేరే గుంపుగా ఉంది. నా పేరా తేలింది అక్కడే. లీన్ అంటే అదనపు కొవ్వు లేకపోవడం, అంతే. స్పేర్‌లో మితాహారమో వ్యాయామమో ధ్వనిస్తుంది. లాంక్‌లో పొడవు కలుస్తుంది; దానికి కీళ్లు వదులైనట్టున్న వికారం తోడైతే లాంకీ. స్కినీ, స్క్రానీలలో సత్తువ లేకపోవడం ఉంది. గాంట్ ఆకలో, చాకిరీయో పీల్చేసిన దేహం. అంటే మామగారు సన్నగా లేరు, చిక్కి శల్యమయ్యారు.

అయితే ఈ పుస్తకం గీసిన గీతలు ఇంగ్లీషు గీతలు. తెలుగు వేరే చోట గీస్తుంది. మనకు దారం సన్నన, కాగితం పలుచన. చారు పలుచన, తీగ సన్నన. గుండ్రని వాటికీ పరుచుకునే వాటికీ మనం పెట్టుకున్న ఈ తేడా థిన్‌కు పట్టదు. వరినారు పలుచగా మొలుస్తుంది, సభకు జనం పలుచగా వస్తారు, నడి వయసులో జుట్టు పలుచబడుతుంది. మనిషి దగ్గరకొచ్చేసరికి ఈ రెండూ చాలక ‘బక్కపలుచని’ అని మూడోది కల్పించుకున్నాం. సన్నబియ్యం ఇంగ్లీషులో థిన్ కాదు, ఫైన్. పసలేని సాకు మాత్రం ఇంగ్లీషువాడికి థిన్. అన్నిటికన్నా ప్రమాదకరమైనది గొంతు: థిన్ వాయిస్‌ను సన్నని గొంతు అని రాస్తే మన పాఠకుడికి అది వినసొంపుగా తోస్తుంది, మూలంలో మాత్రం బలం లేని పీలగొంతు. ఈ పొరపాటు నేను రెండుసార్లు చేశాను.

తెలుగు వైపు సాయానికి అంతర్జాలంలోని ఆంధ్రభారతి నిఘంటు శోధన పక్కన తెరిచి ఉంచుకోవడం మంచిది. అనేక నిఘంటువులు ఒకేచోట దొరుకుతాయి. వెబ్‌స్టర్ నుంచి ఆశించరానివి కొన్ని ఉన్నాయి. రెండు నిలువు వరుసల ఒత్తు అచ్చు నలభై దాటిన కళ్లకు పరీక్ష. ఉదాహరణ వాక్యాలు పాత తరం సాహిత్యానివి, ఈనాటి పత్రికా భాషకు అంతగా పనికిరావు. పోటీ పరీక్షలకు పర్యాయపదాలు బట్టీపట్టే విద్యార్థికి ఇది బరువు తప్ప ఏమీ కాదు. అనువాదకులకూ, ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులకూ మాత్రం నిస్సంకోచంగా చెబుతాను, కొనండి.

నా పేరాలో మామగారు చిక్కి శల్యమైన మనిషిగా, కోడలు నాజూకైన పిల్లగా స్థిరపడ్డారు. కొడుకు దగ్గర ఒక్క మాట చాలలేదు. ‘కాళ్లూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పొడుగాటి బక్కమనిషి’ అని రాశాను. సంపాదకురాలు ఈసారి ‘బక్క’ను మాత్రం కొట్టేశారు.